ఏమవుతారు

గుంటూరు పెద్దాసుపత్రి, చీటీలు రాసే కిటికీ.
కుర్రాడు తలెత్తకుండా అడిగాడు:
"పేషెంటు మీకేమవుతారు?"

అప్పటికి పేరు చెప్పాను, రాహేలు.
వయసు చెప్పాను, యాభై నాలుగో ఐదో.
పని చెప్పాను, మిర్చి యార్డు దగ్గర తొడిమలు తీయడం.
మూడు గడులూ గడగడా నిండాయి.
నాలుగోదాని దగ్గర నోట్లో తడి లేదు.

ఏమవుతుంది?
పదకొండేళ్ళుగా అవుతూనే ఉంది,
ఇంకా పూర్తిగా ఏదీ అవలేదు.
భార్య అందామంటే తాళి లేదు, చర్చి రిజిస్టర్లో పేర్లు లేవు.
చెల్లెలంటే నాలుక తెగిపడాలి.
పక్కింటావిడ అనొచ్చు, కానీ ఆ మధ్య గోడని
ఆరేళ్ళ కిందట మేమే పడగొట్టించాం,
ఓనరుకి అడ్వాన్సు కాస్త ఎక్కువిచ్చి.

అరండల్‌పేట ప్రెస్సులో ప్రూఫులు దిద్దే రోజుల్లో
ఒక డిక్షనరీ నా చేతుల మీదుగా వెళ్ళింది.
ఎఫ్ అక్షరంలో ఒక ముసలి మాట తగిలింది: ఫియర్.
భయం కాదు. స్పెల్లింగు వేరు, పలికితే మాత్రం అదే.
పూర్వం ఇంగ్లీషువాళ్ళు
కూడా దారి నడిచే మనిషిని అలా పిలిచేవారట,
నేస్తమైనా, పెనిమిటైనా, ఆలైనా.
కలిసి నడిచారా లేదా, అంతే లెక్క.
సంపాదకుడు ఎర్రగీత గీశాడు.
"చచ్చిన మాటకి చోటెందుకు పానకాలూ?
కాగితం కిలో ఎంతో తెలుసా?"
కింద మాటని పైకి జరిపి ఖాళీ పూడ్చింది నేనే.

ఆ నెల్లోనే అనుకుంటా, రాత్రి తొమ్మిదిన్నరకి
గుమ్మంలో స్టీలు గ్లాసుతో ఒకావిడ.
"తోడుందా అండీ?"
పక్క వాటాలో కొత్తగా దిగింది.
నేను వెనక్కి తిరిగి గదంతా చూసి
"లేదండీ, ఒక్కణ్ణే" అన్నాను.
ఆమె గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వింది.
"పాలల్లోకండీ."

సీజన్లో ఆమె వేళ్ళు మండేవి.
కొబ్బరినూనె, మజ్జిగ, ఏం పూసినా ఘాటు గోళ్ళలోనే కాపురం.
కంట్లో నలుసు పడినా, ఏడుపొచ్చినా
తన కళ్ళు తను తుడుచుకోకూడదు.
"ఏవండోయ్" అని గెడ్డం పైకెత్తి నిలబడేది, రెప్పలు మూసుకుని.
తువ్వాలు కొసతో నేను ఒత్తేవాణ్ణి.
ఎందుకేడ్చావని అడిగేవాణ్ణి కాదు.
ఘాటు, అనేది.
సరే, ఘాటే.

దీన్ని ఏ గడిలో రాస్తారు?

"త్వరగా అండీ, వెనక లైనుంది."
ఇలా ఇవ్వు బాబూ, అని పెన్ను తీసుకుని
నాలుగే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు రాశాను.
కుర్రాడు కూడబలుక్కున్నాడు.
"ఫియరా? సంబంధం అడిగితే భయమంటారేంటి?
పైగా స్పెల్లింగు తప్పు."
స్పెల్లింగు కరెక్టే బాబూ,
కానీ పొద్దున తను సింకు దగ్గర ఒరిగిపోయినప్పట్నించీ
నువ్వన్నదీ నిజమే.

అప్పుడు చూశాడు నా మొహం.
నా మాట కొట్టేసి పక్కన
"తెలిసినవారు" అని రాసి, ముద్ర గుద్దాడు.
తెలిసినవారు.
ముప్ఫై ఏళ్ళు తప్పులు పట్టినవాణ్ణి,
అందులో తప్పు పట్టలేకపోయాను.

రాత్రి తన దుప్పటి కోసం ఇంటికొచ్చాను.
రేపు పెరుగన్నం పెట్టొచ్చన్నాడు డాక్టరు.
పాలు కాచాను.
పెరుగు గిన్నె తోమి బోర్లించి ఉంది,
పొద్దున తను తోమిన ఆఖరు గిన్నె,
అడుగున చుక్క లేదు.
గ్లాసు పట్టుకుని మెట్లు దిగి
కింద వాటా మస్తాన్‌బీ తలుపు కొట్టాను.
"ఏం కావాలన్నా?"
పైన పాలు గోరువెచ్చన దాటిపోతున్నాయి.
ఆ రెండక్షరాలూ
నోట్లోంచి బయటికి రావడానికి
చాలాసేపు పట్టింది.